సీటు ఎత్తు అంకె చూసి బండి కొనకండి: పొట్టిగా ఉన్నవాళ్లకి టేపు టెస్ట్

హాయ్ అండీ. ఎత్తు కాస్త తక్కువ ఉన్నవాళ్లు రోజూ తిరగడానికి స్కూటరో బైకో చూసుకునేటప్పుడు ఏం కొలవాలి, ఎలా కొలవాలి, ఈ వీడియో అంతా అదే. కావాల్సినవి ఒక టేపు, ఒక గట్టి అట్ట పుస్తకం, పెన్సిల్. టేపు మాత్రం బట్టలు కుట్టేవాళ్ల దగ్గరుండే మెత్తటి టేపే తీసుకోండి. స్టీలు టేపు వంపు తిరగదు, ఇక్కడ పనికిరాదు.

ముందు మీ కాలు కొలత. గోడకి వీపు ఆనించి, ఇలా. బండి మీద వేసుకునే షూస్‌తోనే నిలబడండి. పుస్తకం కాళ్ల మధ్య పెట్టి బాగా పైకి నొక్కండి, సీటు మీద కూర్చుంటే ఒత్తుకున్నట్టు. పై అంచు దగ్గర గోడ మీద గీత. గీత నుంచి నేలకి 72 సెంటీమీటర్లు, అంటే 720 ఎంఎం. రాసుకోండి. అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. స్క్రీన్ మీద చూడండి. యాక్టివా 6జీ సీటు ఎత్తు 764 ఎంఎం, స్ప్లెండర్ ప్లస్ 785. అంకెలు చూస్తే స్కూటరే 21 ఎంఎం కిందకి ఉంది, అదే సులువు అనిపిస్తుంది. కానీ ఆ అంకె నేల నుంచి సీటుకి నిట్టనిలువుగా కొలిచింది. మన కాలు నిట్టనిలువుగా దిగదు కదా! సీటు అంచు మీదుగా పక్కకి వచ్చి, అప్పుడు కిందకి దిగుతుంది. స్కూటర్‌కి సీటూ వెడల్పే, దాని కింద బాడీ ప్యానెల్, ఫుట్‌బోర్డ్ అంచూ వెడల్పే. బైకుకి ట్యాంకు దగ్గర సీటు సన్నబడుతుంది. అందుకే కాగితం మీద ఎత్తుగా కనిపించే బైకు మీద కూడా ఒక్కోసారి కాలు హాయిగా ఆనుతుంది. బీఎండబ్ల్యూ వాళ్లు సీటు ఎత్తుతో పాటు ఈ కాలి వంపు కొలత కూడా స్పెసిఫికేషన్లలో విడిగా ఇస్తారు. మిగతా బండ్లకి మనమే కొలుచుకోవాలి.

ఎలాగంటే, ఎడమవైపు నేల మీద, మీ కాలు పడే చోట టేపు మొదలు పెట్టండి. పైకి తెచ్చి, సీటు ముందు భాగం మీదుగా, ఆగినప్పుడు మీరు జరిగి కూర్చునే చోటు నుంచి కుడివైపు నేల దాకా. ఇక్కడ ఆగండి, ఇక్కడే కొలత తప్పుతుంది. బండి మెయిన్ స్టాండ్ మీద ఉందనుకోండి, వెనక చక్రం గాల్లో ఉంటుంది, సీటు పైకి లేచి ఉంటుంది. కొలత ఎక్కువొస్తుంది. సైడ్ స్టాండ్ మీద ఉంటే ఒక పక్కకి వాలి ఉంటుంది, ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. రెండూ వద్దు. ఇంకొకరు హ్యాండిల్ పట్టుకుని బండిని నిటారుగా నిలబెట్టాలి, రెండు చక్రాలూ నేల మీదే ఉండాలి. మళ్లీ చెప్తున్నా, స్టాండ్ తీసేసి, నిటారుగా. చూశారా, స్టాండ్ మీద కొలిచింది ఇది, తీసి కొలిచింది ఇది.

లెక్క చూద్దాం. టేపు మొత్తం 1,680 వచ్చిందనుకుందాం. సగం 840. మన కాలు 720. లోటు 120. మనం కూర్చుంటే ఫోమూ షాక్ అబ్జార్బర్లూ కలిసి ఒక 25 దాకా దిగుతాయి. ఇంకా 95 మిగిలింది, అంటే మడమ అంత పైకి లేవాలి. మునివేళ్ల మీద నిలబడ్డట్టే. రెండో బండికి 1,600 వచ్చింది. సగం 800, లోటు 80, దిగుడు పోతే 55. పాదం ముందు సగం గట్టిగా ఆనుతుంది. రోజూ తిరిగే బండికి ఇది చాలు. రెండు మడమలూ నేలకి ఆనాలని పట్టుబట్టకండి. ఆగినప్పుడు సీటు మీద కొంచెం జరిగి ఒక కాలు పూర్తిగా ఆనించడం నేర్చుకుంటే సరిపోతుంది.

షోరూమ్ నేల సమతలంగా ఉంటుంది, రోడ్డు అలా ఉండదు. అంచు వైపు వాలుగా ఉంటుంది. ఆ పక్క కాలికి 3, 4 సెంటీమీటర్లు దూరం పెరిగిందంటే చాలు, ఆనాల్సిన కాలు ఆనదు. అందుకని టెస్ట్ రైడ్‌లో కావాలని రోడ్డు అంచున ఆపి చూడండి.

తర్వాత బరువు. రాయల్ ఎన్‌ఫీల్డ్ బైకు మీటియోర్ 350 సీటు ఎత్తు 765, యాక్టివాకి ఒక్క ఎంఎం తేడా. కానీ మీటియోర్ 191 కిలోలు, యాక్టివా దాదాపు 106. మునివేళ్లతో 191 కిలోల బండిని పార్కింగ్‌లోంచి వెనక్కి నెట్టగలరా? మొదట కూర్చుని నెట్టి చూడండి, తర్వాత దిగి పక్కన నిలబడి. దిగి నెట్టడమే మేలు, కాళ్ల బలమంతా పనిచేస్తుంది.

మెయిన్ స్టాండ్ చేతులతో లాగేది కాదు. స్టాండ్ కాళ్లు రెండూ నేలకి తగిలాయో లేదో బండిని అటూ ఇటూ కొద్దిగా కదిపి చూసుకుని, పాదం స్టాండ్ మీద పెట్టి ఒళ్లంతా బరువేయండి, చెయ్యి వెనక గ్రాబ్ రైల్ మీద, అంటే వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే కడ్డీ మీద. ఊపు కాలి నుంచి రావాలి.

ఎలక్ట్రిక్ స్కూటర్లలో రివర్స్ మోడ్ ఉంటే పొట్టిగా ఉన్నవాళ్లకి వరమే. బ్యాటరీ ఫ్లోర్ కింద ఉంటే బరువు కిందే ఉంటుంది, ఆగినప్పుడు తేలిగ్గా అనిపిస్తుంది. సీటు వెడల్పు మాత్రం వీటికీ టేపుతో చూడాల్సిందే.

హ్యాండిల్. కుడివైపు పూర్తిగా తిప్పండి. ఎడమ చెయ్యి బిగుసుకుపోకుండా, మోచెయ్యి కాస్త వంగి ఉండగానే లివర్ నొక్కగలగాలి. లేదంటే యూ టర్న్‌లో ఒళ్లంతా ముందుకి లాగుతుంది.

ఇక బండి నచ్చింది, కొంచెం అందట్లేదు అంటే? మొదటి పని సీటు ఫోమ్. పైన కాదు, ముందు పక్కలు చెక్కించండి. ఎత్తు తగ్గించకుండానే కాలు దగ్గరవుతుంది. పైన మరీ చెక్కిస్తే అడుగు ప్లాస్టిక్ గుచ్చుకుంటుంది. రెండోది, బైకుకి వెనక జంట షాక్‌లుంటే సి-స్పానర్‌తో ప్రీలోడ్, అంటే స్ప్రింగ్ బిగువు, తగ్గించడం, రెండు పక్కలా ఒకే మెట్టులో. ఇద్దరు కూర్చునే రోజు మళ్లీ పెంచాలి, లేదంటే స్పీడ్ బ్రేకర్‌కి అడుగు తగులుతుంది.

షాక్‌లు మార్చి బండినే కిందకి దించేవాళ్లుంటారు. అలా చేస్తే సైడ్ స్టాండ్ మునుపటి పొడవే ఉంటుంది, బండి దాని మీద వాలకుండా దాదాపు నిటారుగా నిలబడుతుంది. స్టాండ్ ఉన్న పక్క నుంచి ఎవరి మోచెయ్యి తగిలినా అవతలికి పడిపోతుంది. స్టాండ్ కూడా ఆ మేరకి కురచ చేయించాలి. నన్నడిగితే అంతదాకా వెళ్లొద్దు, ఆ డబ్బుతో మందం సోల్ షూస్ కొనండి. 2 సెంటీమీటర్లు అక్కడే దొరుకుతాయి. గేర్ రాడ్ కింద ఆ షూ దూరుతుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.