చెయ్యి వేయకుండా చేయించడం

(స్టూడియో చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: పిల్లల కదలికల మీద పని చేసే పరిశోధకురాలు, ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తోడ్పడే చికిత్స) విద్యార్థులకు పాఠాలు చెప్పే అధ్యాపకుడు, చివరి ఏడాది విద్యార్థిని, తొమ్మిదేళ్ల బాబు తల్లి.)

వ్యాఖ్యాత: నమస్కారం. ముందు అమ్మగారిని అడుగుతాను. డాక్టర్ గారితో మొదలుపెడితే నిర్వచనంతో మొదలవుతుందని నా భయం. (నవ్వులు) మీ బాబు విషయంలో మొదట ఏం గమనించారండీ?

తల్లి: గమనించానని చెప్పుకోలేనండి. గ్లాసు పట్టుకుంటే ఒలికేది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పావుగంట పట్టేది. ఆరేళ్లు వచ్చినా ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి దిగేవాడు. మాటలు మాత్రం గడగడా చెబుతాడు. నోటిలెక్కలు చిటికెలో చేస్తాడు. అదే లెక్క కాగితం మీద పెట్టమంటే అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. అందరూ బద్ధకం అన్నారు. నేనూ అన్నాను.

పరిశోధకురాలు: బద్ధకం, మొద్దు, కుదురు లేదు... ఈ పిల్లలున్న ప్రతి ఇంట్లో వినిపించే మాటలే ఇవి. వైద్యులు కూడా చాలాకాలం 'క్లమ్జీ చైల్డ్' అనే రాశారు. 1994లో కెనడాలో లండన్ అనే ఊరుంది, అక్కడ వివిధ దేశాల నిపుణులు కలిసి, ఇకమీదట అందరం 'డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్' అనే పేరే వాడదామని తీర్మానించుకున్నారు. పొట్టిగా డీసీడీ. బడి వయసు పిల్లల్లో నూటికి ఐదారుగురికి ఉంటుంది. అంటే దాదాపు ప్రతి తరగతి గదిలో ఒకరో ఇద్దరో ఉంటారు.

వ్యాఖ్యాత: అంతమందికా? మరి పేరే వినలేదే మేం!

పరిశోధకురాలు: ఎక్స్-రేలో కనిపించదు, రక్తపరీక్షలో తేలదు. కండరాల్లో బలం ఉంటుంది, చూపు బాగుంటుంది, తెలివికి లోటుండదు. కానీ వయసుకు తగ్గట్టు చెయ్యి తిరగదు. అది రోజువారీ పనులకో చదువుకో అడ్డం పడుతూ ఉండాలి, చిన్నప్పటి నుంచీ ఉండాలి, వేరే జబ్బు వల్ల వచ్చింది కాకూడదు. అప్పుడే డీసీడీ అంటాం. ఐదేళ్లలోపు పిల్లలకు సాధారణంగా ఆ ముద్ర వేయం, ఎందుకంటే ఆ వయసులో ఒక్కొక్కరిది ఒక్కో వేగం. ఇంకో చిక్కు ఉంది. ఈ పిల్లల్లో సుమారు సగం మందికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం కూడా ఉంటుంది. అప్పుడు అందరి దృష్టీ ఆ అల్లరి మీదికే పోతుంది, చేతులను ఎవరూ పట్టించుకోరు.

వ్యాఖ్యాత: లోపల జరిగేదేమిటి, అది చెప్పండి.

పరిశోధకురాలు: మీ ముందున్న నీళ్ల గ్లాసు అందుకోండి. (వ్యాఖ్యాత గ్లాసు అందుకున్నారు) మీ చెయ్యి కదలకముందే అది ఎక్కడికి చేరుతుందో, వేళ్లు ఎంత విచ్చుకోవాలో మెదడు అంచనా కట్టేసింది. దారిలో చిన్న తేడా వస్తే కంటికి తెలిసేలోపే సర్దేసింది. ఈ పిల్లల్లో ఆ ముందస్తు అంచనా బలహీనంగా ఉంటుందని ఒక వాదన. అంచనా లేకపోతే ప్రతి కదలికకూ కళ్ల మీద ఆధారపడాలి. కన్ను చూసి, మెదడు తెలుసుకుని, చెయ్యి సర్దుకునే లోపల గ్లాసు ఒలికిపోతుంది. పరిశోధనల్లో దీనికి మంచి మద్దతే ఉంది. అయినా నేను దీన్ని వాదన అనే అంటాను, తీర్పు అనను.

వ్యాఖ్యాత: మాస్టారూ, ఇదంతా పిల్లల సంగతి. మీరు శిక్షణ ఇచ్చేది పెద్దవాళ్లకు, అదీ చేతులు బాగా ఆడేవాళ్లకు.

అధ్యాపకుడు: సమస్యంతా అక్కడేనండి! మా విద్యార్థులకు షూ లేసు కట్టడం వెన్నతో పెట్టిన విద్య. ఎప్పుడు నేర్చుకున్నారో గుర్తుండదు, ఎలా కడతారో చెప్పలేరు. మొదటి వారం ఒక పని ఇస్తాను. షూ వైపు చూడకుండా, చేతులు కదపకుండా, లేసు ముడి ఎలా వేయాలో కాగితం మీద రాయాలి. తర్వాత ఆ కాగితం పక్కవాళ్లకిస్తారు. రాసినది రాసినట్టు చేయాలి, సొంత తెలివి వాడకూడదు. ఇన్నేళ్లలో ఒక్క ముడి కూడా పడలేదు.

విద్యార్థిని: నేను 'లేసులు రెండూ పట్టుకుని చుట్టు తిప్పాలి' అని రాశాను సార్. నా ఫ్రెండ్ దాన్ని చీలమండ చుట్టూ తిప్పింది. (నవ్వులు)

అధ్యాపకుడు: రెండో వారం అద్దం పని. కాగితం మీద రెండు గీతల నక్షత్రం ఉంటుంది. చెయ్యి నేరుగా కనిపించకుండా అట్ట అడ్డం పెడతాం. అద్దంలో మాత్రమే చూస్తూ ఆ రెండు గీతల మధ్యనే పెన్సిలు నడిపించాలి. మూల తిరిగేచోట చెయ్యి బిగుసుకుపోతుంది. కుడికి పొమ్మంటే ఎడమకు పోతుంది. చెమటలు పడతాయి.

విద్యార్థిని: టెన్షన్ కన్నా అవమానంగా అనిపించింది మేడమ్. పక్కన ఉన్నవాళ్లు 'మెల్లగా, జాగ్రత్తగా' అంటుంటే ఒళ్లు మండింది. నేను జాగ్రత్తగానే ఉన్నాను కదా!

తల్లి: ఆ మాట నేను రోజుకు ఇరవైసార్లు అనేదాన్ని.

పరిశోధకురాలు: ఆ అద్దం ఆటకు పెద్ద చరిత్రే ఉంది. హెన్రీ మొలైసన్ అనే ఆయనకు 1953లో మూర్ఛలు తగ్గించడానికి మెదడు ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. మనస్తత్వవేత్త బ్రెండా మిల్నర్ ఆయనతో మూడు రోజులు ఈ నక్షత్రం గీయించారు. ఎప్పుడైనా గీశారా అంటే లేదనేవారు. కానీ రోజురోజుకూ తప్పులు తగ్గాయి. మనసుకు గుర్తులేని పాఠాన్ని చెయ్యి గుర్తుపెట్టుకుంది. అందుకే మాటలతో ఎంత వివరంగా చెప్పినా అది చేతికి పాఠం కాదు.

వ్యాఖ్యాత: ఇక పరీక్షల సంగతి. మార్కులు ఎలా వేస్తారు?

విద్యార్థిని: ఎక్కువగా వాడేది మూవ్‌మెంట్ ఏబీసీ అనే పరీక్ష. 2007లో వచ్చిన రెండో కూర్పు మీద నేను శిక్షణ తీసుకున్నాను. ఎనిమిది పనులుంటాయి. చేతి నేర్పు, బంతి లాంటివి విసరడం పట్టుకోవడం, నిలకడ అని మూడు భాగాలు. చిన్నపిల్లలైతే డబ్బా కంతలో నాణేలు వేయాలి, పూసలు గుచ్చాలి, ఒంటికాలి మీద నిలబడాలి. ఆ వయసు పిల్లలను నూరుగురిని వరుసలో నిలబెడితే చివరి ఐదుగురిలో ఉన్నారంటే ఇబ్బంది గట్టిదని అర్థం. ఆపైన పదహారు దాకా ఉంటే కనిపెట్టుకుని ఉండాలి.

అధ్యాపకుడు: ఈమె మొదటిసారి చేసిన పరీక్ష గురించి అడగండి.

విద్యార్థిని: (నవ్వుతూ) సార్! బాబు నాణెం జారవిడిస్తే నేనే తీసి చేతికిచ్చాను. 'ఇంకొక్కటే, ఇంకొక్కటే' అన్నాను. తెలియకుండానే డబ్బాను వాడివైపు జరిపాను కూడా. వీడియోలో చూసుకుంటే వాడితో సమానంగా నా చేతులూ ఆడుతున్నాయి. ఆ మార్కులు సగం నావే. కొట్టేశారు.

అధ్యాపకుడు: ఆ వీడియో ప్రతి ఏడాదీ చూపిస్తాను, తన అనుమతితోనే లెండి. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు సాయం చేయాలనే గుణం ఎక్కువ. మంచి గుణమే. కానీ చెయ్యి ఊరుకోదు. ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య కనీస ప్రమాణం ప్రకారం చదువు పూర్తయ్యేలోగా 1000 గంటల ప్రాక్టికల్ శిక్షణ ఉండాలి. నన్నడిగితే అందులో సగం చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకోవడానికే.

వ్యాఖ్యాత: అదేమిటి, చేతులు కట్టుకుంటే చికిత్స ఎలా?

అధ్యాపకుడు: కెనడాలో హెలెన్ పొలటాయ్‌కో, ఏంజెలా మాండిక్ కలిసి ఒక పద్ధతి తయారు చేశారు. కో-ఆప్ అంటారు. 2001 ప్రాంతంలో దాని మీద వరుసగా వ్యాసాలు వచ్చాయి. మూడు లక్ష్యాలు పిల్లలే ఎంచుకుంటారు. ఒక లక్ష్యం పెట్టుకో, ఉపాయం ఆలోచించు, చెయ్యి, సరిచూసుకో. ఈ నాలుగు మెట్లూ మనస్తత్వవేత్త డొనాల్డ్ మైకెన్‌బామ్ దగ్గర తీసుకున్నవి. ఉపాయం మనం చెప్పకూడదు, పిల్లల నోటి నుంచి రావాలి. థెరపిస్టు పాటించాల్సిన నియమాలున్నాయి. ఒకసారికి ఒక్కటే. చెప్పకు, అడుగు. నువ్వు సర్దకు, వాళ్లచేత సర్దించు. దొరకాల్సిన జవాబు కళ్లెదుటే ఉండేలా చూడు. రెండోదీ మూడోదీ నోటికి వస్తాయి గానీ చేతికి రావు.

విద్యార్థిని: ఒక పాప సీసా మూత తిప్పలేకపోతోంది. సీసా గాల్లో పట్టుకుని తిప్పుతోంది, మూతతో పాటు సీసా కూడా తిరిగిపోతోంది. 'బల్లమీద పెట్టు తల్లీ' అంటే అయిపోయేది. అడగాలి కదా, 'ఇప్పుడు ఏది తిరుగుతోంది?' అన్నాను. మూత అంది. మళ్లీ తిప్పి చూడమన్నాను. చాలాసేపు చూసింది. 'ఇది కూడా తిరుగుతోంది' అని సీసా చూపించింది. 'అయితే ఏం చేద్దాం?' అన్నాను. ఒళ్లో పెట్టుకుని మోకాళ్లతో నొక్కింది! ఆ ఉపాయం నాకే తట్టలేదు.

వ్యాఖ్యాత: భలే. అయితే డాక్టర్ గారూ, ఈ పద్ధతి పనిచేస్తుందని తేలిపోయినట్టేనా?

పరిశోధకురాలు: కథ బాగుంటే సాక్ష్యం బాగున్నట్టు కాదండి. (నవ్వులు) ఈ రంగంలో పాత తగువొకటి ఉంది. లోపలి లోపం సరిచేస్తే పనులు వాటంతట అవే వస్తాయన్నది ఒక దారి. ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ అయర్స్ సెన్సరీ ఇంటిగ్రేషన్ ఆ కోవలోది, 1972లో ఆమె దాన్ని పుస్తకంగా తెచ్చారు. ఊయలలు, ఊగే పలకలు, రకరకాల స్పర్శలు. ఏ పని రావాలో ఆ పనినే సాధన చేయించాలన్నది రెండో దారి. డీసీడీకి సంబంధించి 2019 అంతర్జాతీయ సిఫారసులు రెండో దారివైపే మొగ్గాయి.

తల్లి: మేం ఎనిమిది నెలలు ఊయల ఊగించామండి. ఊయల ఊగడం బాగా వచ్చింది.

పరిశోధకురాలు: (నవ్వుతూ) ఈ రంగం మొత్తాన్ని ఒక్క ముక్కలో చెప్పారు. సాధన చేసిందే వస్తుంది. పక్కపనికి పాకుతుందన్న ఆశే ఎక్కువసార్లు నిరాశవుతుంది.

అధ్యాపకుడు: ఒక్క నిమిషం. రెండో దారికి మాత్రం ఏమంత బలముంది? జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి తూచే కొక్రేన్ సంస్థ 2017 సమీక్ష ఏమందో కూడా చెప్పాలి మేడమ్.

పరిశోధకురాలు: చెబుతాను. పని ఆధారిత శిక్షణ మీద జరిగిన ప్రయోగాలను జల్లెడపట్టి, సాక్ష్యం నాణ్యత తక్కువ, గట్టిగా ఏమీ చెప్పలేం అన్నారు. చిన్న చిన్న గుంపులు. ఏ పిల్లలకు ఏ శిక్షణ అందిందో తెలిసినవాళ్లే మార్కులు వేస్తే మనసు ఎటో మొగ్గుతుంది. మందు బిళ్లకైతే ఉత్తుత్తి బిళ్ల పెట్టొచ్చు, లేసు కట్టడం నేర్పడానికి ఉత్తుత్తి పాఠం ఎలా పెడతాం? పరీక్ష మార్కుల్లో మార్పు చూడాలా, బిడ్డ కోరుకున్న పని వచ్చిందా అని చూడాలా అన్నది కూడా తేలాలి. వచ్చే పదేళ్లలో మాకు కావలసింది కొత్త పద్ధతులు కావు. ఉన్నవాటిని పెద్ద గుంపుల మీద, మార్కులు వేసేవాళ్లకు సంగతి తెలియకుండా పరీక్షించడం.

అధ్యాపకుడు: ఆ పదేళ్లూ పిల్లలు ఆగరు కదా. ఇవాళ తరగతిలో నేనేదో ఒకటి నేర్పాలి.

పరిశోధకురాలు: నేర్పండి. దాంతోపాటు, తాము చేసినదాన్ని కొలవడం కూడా నేర్పండి.

అధ్యాపకుడు: నేర్పుతున్నాం. సీఓపీఎం అని ఒక కొలత ఉంది. తనకు ముఖ్యమైన పనిని ఎంత బాగా చేయగలుగుతున్నారో, దాంతో ఎంత తృప్తిగా ఉన్నారో ఒకటి నుంచి పది దాకా వాళ్లే అంకె వేసుకుంటారు. రెండు అంకెలు పెరిగితే చెప్పుకోదగ్గ మార్పు. నెలలు గడిచినా అంకె కదలకపోతే మా విద్యార్థి దారి మార్చాలి, పిల్లలను తప్పుపట్టకూడదు.

వ్యాఖ్యాత: పెద్దయ్యాక అదే పోతుందంటారు చాలామంది.

పరిశోధకురాలు: సగానికి పైగా పిల్లల్లో కౌమారంలో కూడా ఉంటుంది. అప్పటికి మనం చూసేది చేతుల ఇబ్బంది ఒక్కటే కాదు. ఆటల్లోకి ఎవరూ పిలవరు, పిలిచినా వెళ్లరు. ఆడకపోతే ఒంటికి కసరత్తు ఉండదు, సాధన ఉండదు, స్నేహాలూ తగ్గుతాయి. దిగులు, ఆందోళన పట్టుకుంటాయి. డీసీడీ కన్నా ఈ వరుస ఎక్కువ బాధపెడుతుంది. దీన్ని ఆపడానికి బడిలో సర్దుబాట్లు చాలు కొన్నిసార్లు. రాయడానికి ఎక్కువ సమయం ఇవ్వడం, లేదంటే టైప్ చేయనివ్వడం. వీటికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

వ్యాఖ్యాత: సమయం దగ్గర పడింది. అమ్మా, బాబు ఇప్పుడు ఎలా ఉన్నాడు? లక్ష్యాలు పెట్టుకున్నాడా?

తల్లి: నేను సైకిల్ అనుకున్నానండి. చేతిరాత అనుకున్నాను. వాడినడిగితే మూడు చెప్పాడు. బాత్రూమ్‌కు వెళ్లినప్పుడు ప్యాంటు హుక్కు సొంతంగా పెట్టుకోవాలట. మంచినీళ్ల సీసా మూత తియ్యమని పక్కవాణ్ని అడక్కూడదట. మూడోది, పేకముక్కలు కలపడం. వాళ్ల తాతయ్యలాగా.

వ్యాఖ్యాత: వచ్చాయా?

తల్లి: హుక్కు వచ్చింది. సీసా వచ్చింది. పేకముక్కలు ఇల్లంతా ఉన్నాయి.

వ్యాఖ్యాత: (నవ్వుతూ) మరి సైకిల్?

తల్లి: అది నా లక్ష్యం కదండీ. వాడింకా అడగలేదు.