డీఐ గదిలో ముఖం రంగు

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. సినిమా నిర్మాణంలో తెర వెనుక జరిగే పనుల గురించి మాట్లాడుకునే ఈ పాడ్‌కాస్ట్‌లో ఈ వారం మన విషయం కలర్ గ్రేడింగ్, అంటే తీసిన షాట్‌ల రంగునూ వెలుగునూ సరిచేసే, మన పరిశ్రమలో అందరూ డీఐ అని పిలిచే పని. హైదరాబాద్‌లో చాలాకాలంగా ఈ పని చేస్తున్న ఒక కలరిస్ట్ మనతో ఉన్నారు. మేడమ్, షూటింగ్, ఎడిటింగ్ రెండూ పూర్తయ్యాక కూడా సినిమాలో మీరు చేయవలసిన పని ఏం మిగిలి ఉంటుంది?

కలరిస్ట్: నమస్కారమండీ. తెర మీద రెండు నిమిషాలు నడిచే సంభాషణను తీయడానికి ఒక్కోసారి ఉదయం నుంచి సాయంత్రం దాకా పడుతుంది. ఈలోగా ఎండ దిక్కు మారుతుంది, మబ్బు పడుతుంది, రెండో కెమెరాకు వేరే లెన్స్ తగిలిస్తారు. ఎడిటర్ ఆ ముక్కలన్నిటినీ కలిపినప్పుడు అదే నటి ముఖం ఒక షాట్‌లో పసుపుగా, పక్క షాట్‌లో నీలంగా కనిపిస్తుంది. ఈ తేడాలు ప్రేక్షకుడి కంటికి తగలకుండా సన్నివేశమంతా ఒకే పూట జరిగినట్టు చేయడమే మా మొదటి బాధ్యత. సినిమాకు ఒక ప్రత్యేకమైన లుక్ ఇవ్వడం అనేది దాని తర్వాతే వస్తుంది. ఈ వరుస తలకిందులైతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉన్నా ఫలితం ఉండదు.

వ్యాఖ్యాత: ఫిల్మ్ రోజుల్లో ఈ పని ల్యాబ్‌లో జరిగేది కదా?

కలరిస్ట్: అవును. మన తెలుగు సినిమాల నెగెటివ్‌లు చెన్నైలోని జెమినీ, ప్రసాద్ వంటి ల్యాబ్‌లకు వెళ్లేవి. అక్కడ గ్రేడర్ చేతిలో ఉన్నవి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ప్రింటర్ లైట్లు మాత్రమే. ఒక్కో లైటుకు 1 నుంచి 50 వరకూ పాయింట్లు ఉండేవి, వాటిని షాట్ షాట్‌కూ మార్చేవారు. ఏ మార్పు చేసినా ఫ్రేమ్ మొత్తానికీ వర్తించేది. ఆకాశాన్ని ముట్టుకోకుండా ముఖాన్ని మాత్రమే సరిచేయడం వారికి సాధ్యం కాదు. అందుకే ఆ కాలపు ఛాయాగ్రాహకులు ముఖం మీద పడే వెలుగును సెట్‌లోనే అంత పట్టుదలగా సరిచూసుకునేవారు. ఆ క్రమశిక్షణ మీద నాకు అపారమైన గౌరవం ఉంది.

2000లో విడుదలైన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ' అనే అమెరికన్ సినిమాతో ఈ పద్ధతి మలుపు తిరిగింది. కథకు ఎండిపోయిన, దుమ్ము పట్టిన నేల కావాలి. కానీ షూటింగ్ జరిగిన మిసిసిపీ రాష్ట్రం వేసవిలో అంతా పచ్చగా కళకళలాడుతూ ఉంటుంది. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ కోరుకున్నది ల్యాబ్‌లోని రసాయన పద్ధతులతో రాలేదు. అప్పుడు నెగెటివ్ అంతటినీ స్కాన్ చేసి, ఆ పచ్చదనాన్ని కంప్యూటర్‌లో ఎండుగడ్డి రంగులోకి తిప్పి, మళ్లీ ఫిల్మ్ మీదకు ఎక్కించారు. మనుషుల చర్మం రంగు చెడకుండా ఆకుల రంగును మాత్రమే వేరుచేసి పట్టుకోగలగడమే ఆ పనిలోని గొప్పతనం. డిజిటల్ ఇంటర్మీడియట్ అనే పేరు, అంటే మన డీఐ, ఆ తరం పనితోనే స్థిరపడింది.

వ్యాఖ్యాత: ఇప్పుడు సినిమాలు దాదాపు అన్నీ డిజిటల్ కెమెరాలతోనే తీస్తున్నారు. అయినా ఫుటేజ్‌ను తెరిచి చూస్తే బూడిద రంగులో, వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. నిర్మాతలు చూసి కంగారు పడుతుంటారని విన్నాను.

కలరిస్ట్: ఆ కంగారు సహజమే. అది లాగ్ ఎన్‌కోడింగ్. సెన్సార్ మీద పడిన వెలుతురును ఉన్నదున్నట్టు లీనియర్‌గా అంకెల్లో రాస్తే, ప్రతి స్టాప్‌కూ, అంటే వెలుతురు కొలతలో ఒక్కో మెట్టుకూ, వెలుతురు రెట్టింపు అవుతుంది కాబట్టి, అందుబాటులో ఉన్న అంకెల్లో సగం ఒక్క పై స్టాప్‌కే ఖర్చవుతాయి. నీడలకు మిగిలేవి అతి తక్కువ. లాగ్ వక్రరేఖ ఆ అంకెలను స్టాపులకు దాదాపు సమానంగా పంచుతుంది. ఆరీ కంపెనీ లాగ్ సీ, సోనీ ఎస్‌లాగ్3, రెడ్ లాగ్3జీ10 అన్నీ ఈ సూత్రం మీదే నడుస్తాయి. అయితే ఒక్కో వక్రరేఖ లెక్క వేరు, ఒక్కో కెమెరా రంగుల పరిధి వేరు. కాబట్టి ఏ క్లిప్ ఏ కెమెరాది, ఏ లాగ్‌లో ఉంది అనే సంగతి రాతపూర్వకంగా నా చేతికి రావాలి. తప్పు లాగ్ అనుకుని మార్పిడి చేస్తే ముందుగా చెడేది ముఖమే.

ఈ మార్పిడులన్నిటినీ ఒక దారికి తెచ్చేందుకు అమెరికాలోని మోషన్ పిక్చర్ అకాడమీ ఏసెస్ అనే వ్యవస్థను తయారుచేసింది. దాని మొదటి అధికారిక రూపం 2014 చివరలో వచ్చింది. ఏ కెమెరా ఫుటేజ్ అయినా ముందుగా ఒకే ఉమ్మడి రంగుల పరిధిలోకి వస్తుంది, గ్రేడింగ్ అక్కడ జరుగుతుంది, చివర్లో థియేటర్‌కైతే ఒక మార్పిడి, టీవీకైతే మరొకటి జరుగుతుంది. ఏసెస్ కాకుండా సాఫ్ట్‌వేర్ సొంత కలర్ మేనేజ్‌మెంట్ వాడుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఏదో ఒక పద్ధతిని మొదటి రోజే నిర్ణయించి, చివరి వరకూ మార్చకుండా ఉండడమే ముఖ్యం.

వ్యాఖ్యాత: ఇంటర్నెట్‌లో లట్‌లు కొనుక్కుని ఒక్క క్లిక్‌తో సినిమా లుక్ తెచ్చేయవచ్చని యువ దర్శకులు చాలామంది అనుకుంటున్నారు. దీని గురించి మీరేమంటారు?

కలరిస్ట్: లట్ అంటే ఈ అంకె లోపలికి వస్తే ఆ అంకె బయటికి పోవాలని చెప్పే పట్టిక మాత్రమే. ఆ షాట్‌లో ఎండ ఉందో, దీపపు వెలుగు ఉందో దానికి తెలియదు. పైగా దాన్ని సవరణల గొలుసులో మొదటే పెడితే పై వెలుగులు అక్కడే తెగిపోతాయి, ఆ తర్వాత ఎంత తగ్గించినా తెల్ల చొక్కా మీది మడతలు తిరిగి రావు. అందుకే లట్ వాడినా మన సవరణలు దాని ముందు ఉండాలి. ఒక్కో సవరణకు ఒక్కటిగా ఉండే నా నోడ్‌ల వరుసలో ముందుగా నాయిస్, అంటే చిత్రంలోని గరుకుదనం, తగ్గింపు, తర్వాత ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, కాంట్రాస్ట్, ఆపై ముఖం, ఆకాశం వంటి విడి భాగాల పని, అన్నిటి తర్వాత లుక్, చిట్టచివర అవుట్‌పుట్ మార్పిడి ఉంటాయి. లుక్‌ను విడిగా ఒకే చోట ఉంచడం వల్ల, రేపు దర్శకుడు మనసు మార్చుకున్నా షాట్‌ల మధ్య కుదిర్చిన పొంతన చెక్కుచెదరదు.

వ్యాఖ్యాత: మాట మాటకూ మీరు ముఖం దగ్గరికే వస్తున్నారు. రంగును కొలిచే స్కోప్‌లో చర్మపు రంగుకు ప్రత్యేకంగా ఒక గీత ఉంటుందంటారు, దాని గురించి చెప్పండి.

కలరిస్ట్: వెక్టర్‌స్కోప్‌లో పసుపుకూ ఎరుపుకూ మధ్య ఒక గీత ఉంటుంది. ఆఫ్రికన్ నటుడైనా, ఐరోపా నటి అయినా, మన గోదావరి జిల్లాల మనిషైనా, మామూలు తెల్లని వెలుతురులో చర్మపు వర్ణం దాదాపు ఆ గీత చుట్టూనే పడుతుంది. చర్మానికి వర్ణాన్ని ఇచ్చే రక్తం, మెలనిన్ మనుషులందరిలోనూ ఉన్నవే. తేడా ఎక్కువగా ప్రకాశంలోనూ రంగు గాఢతలోనూ కనిపిస్తుంది. కొలిచే పరికరమే ఈ మాట చెబుతున్నప్పుడు, నటి ఛాయ చామనఛాయగా ఉందని దాన్ని మార్చమని అడగడం నాకు బాధ కలిగిస్తుంది. మన పరిశ్రమలో ఇది తరచుగా వినిపించే కోరికే.

అది న్యాయమా కాదా అన్నది ఒక ప్రశ్న, దాని గురించి నా అభిప్రాయం స్పష్టమే. పనితనం పరంగా ఏమవుతుందో కూడా చెబుతాను. మిడ్‌టోన్లు, అంటే మధ్యస్థాయి వెలుగులు, బలవంతంగా పైకి లేపితే నీడల్లోని నాయిస్ బయటపడుతుంది, చెంపకూ దవడకూ మధ్య ఉన్న వెలుగు నీడల తేడా పోయి ముఖం చదునుగా మారుతుంది. పైగా తెలుపు కోసం రంగు గాఢత తగ్గిస్తారు, దాంతో చర్మం బూడిద పూసినట్టు అవుతుంది. నల్లని చర్మం తెర మీద నిండుగా కనిపించేది దాని మీద మెరిసే వెలుగు వల్ల. నుదుటి మీద, చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద పడిన ఆ మెరుపును కాపాడి, ముఖం వెనుక ఉన్న గోడ ప్రకాశాన్ని కొంచెం తగ్గిస్తే, చర్మాన్ని తాకకుండానే ముఖం ముందుకు వస్తుంది. ముఖం చుట్టూ పవర్ విండో అనే హద్దు పెట్టి, అది ముఖంతో పాటు కదిలేలా ట్రాకింగ్ చేసి, అంచులు మెత్తగా కలిపితే చాలు. దర్శకుడికి రెండు రూపాలూ పక్కపక్కన చూపించినప్పుడు, దాదాపు ప్రతిసారీ ఆయన రెండోదాన్నే ఎంచుకుంటారు.

వ్యాఖ్యాత: ఆ ఒక్క మాట కోసం ఈ ఎపిసోడ్ వినవచ్చు మేడమ్. సాఫ్ట్‌వేర్‌ల సంగతి కూడా చెప్పండి.

కలరిస్ట్: దీని మీద ఎక్కువ సమయం పెట్టను. డావిన్సీ కంపెనీ గ్రేడింగ్ యంత్రాలు ఒకప్పుడు లక్షల డాలర్లు పలికేవి. 2009లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ ఆ కంపెనీని కొన్నది, 2011లో దాని సాఫ్ట్‌వేర్ రిజాల్వ్‌కు ఉచిత రూపం వచ్చింది. మారుమూల ఊళ్లోని విద్యార్థి కూడా ఈరోజు అదే పనిముట్టు మీద నేర్చుకోగలుగుతున్నాడంటే కారణం అదే. లండన్‌లోని ఫిల్మ్‌లైట్ తయారుచేసే బేస్‌లైట్‌లో నోడ్‌లకు బదులు పొరలు ఉంటాయి, దాని కలర్ మేనేజ్‌మెంట్ అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. కానీ సాఫ్ట్‌వేర్ కంటే ముందు గది మీద డబ్బు పెట్టమంటాను. క్యాలిబ్రేట్ చేసిన మానిటర్, తటస్థమైన బూడిద రంగు గోడ, మానిటర్ వెనుక డీ65 అనే ప్రామాణిక పగటి తెలుపుతో మసక వెలుతురు లేకపోతే కన్ను మోసపోతుంది. గోడ లేత ఆకుపచ్చగా ఉన్న గదిలో కూర్చున్నవారు తెలియకుండానే ముఖాల్లోని ఎరుపును తగ్గించేస్తారు.

వ్యాఖ్యాత: తెలుగులో ఇప్పుడు గ్రాఫిక్స్ లేని పెద్ద సినిమా అరుదు. ఆ షాట్‌లు మీ పనిలోకి ఎలా వచ్చి చేరతాయి?

కలరిస్ట్: గ్రాఫిక్స్ సంస్థకు మేము గ్రేడ్ చేయని ప్లేట్లనే, అంటే తీసిన అసలు షాట్‌లనే, ఈఎక్స్ఆర్ ఫైళ్లుగా పంపుతాం, వాళ్లు అదే రంగుల పరిధిలో తిరిగి ఇవ్వాలి. సెట్‌లో అనుకున్న రంగు ఎలా ఉందో వాళ్లు చూసుకోవడానికి సీడీఎల్ అనే చిన్న ఫైలు వెంట వెళుతుంది. అందులో ఉండేవి పది అంకెలే. మూడు రంగులకూ స్లోప్, ఆఫ్‌సెట్, పవర్ కలిపి తొమ్మిది, పదోది శాచురేషన్, అంటే రంగు గాఢత. ఆ అంకెలు చూసుకోవడానికే గాని ఫైలులో కలిపేయడానికి కాదు. కలిపేస్తే నేను మళ్లీ గ్రేడ్ చేసినప్పుడు రంగు రెండుసార్లు పడుతుంది. పాత్రకూ నేపథ్యానికీ విడివిడి మ్యాట్‌లు, అంటే ఆ భాగాన్ని మాత్రమే వేరుచేసి చూపే ముసుగులు, కూడా ఇవ్వమని అడుగుతాను. విడుదల తేదీ దగ్గరపడ్డాక కొత్త వెర్షన్లు వస్తూనే ఉంటాయి. మ్యాట్ ఉంటే హీరో ముఖాన్ని పక్క షాట్‌తో కలపడం నిమిషాల పని, లేకపోతే గంటల తరబడి రోటో, అంటే ఫ్రేము ఫ్రేముకూ అంచులు గీసే పని, చేయవలసి వస్తుంది.

వ్యాఖ్యాత: థియేటర్‌కు, ఓటీటీకి విడివిడిగా చేస్తారా?

కలరిస్ట్: తప్పకుండా. ప్రకాశాన్ని నిట్లలో కొలుస్తాం. థియేటర్ తెర మీద తెలుపు ప్రమాణం 48 నిట్లు, థియేటర్‌కు వెళ్లే డిజిటల్ ప్యాకేజీ అయిన డీసీపీలో చిత్రం ఎక్స్‌వైజెడ్ రంగుల్లో, 12 బిట్ల జేపెగ్ 2000గా ఉంటుంది. మామూలు టీవీ ప్రమాణం 100 నిట్లు. డాల్బీ విజన్ అనేది హెచ్‌డీఆర్, అంటే ఎక్కువ ప్రకాశపు పరిధి ఉన్న రూపం. దాని మాస్టర్‌ను సాధారణంగా 1000 నిట్ల మానిటర్ మీద చేసి, ఆ తర్వాత 100 నిట్ల టీవీకి తగ్గట్టు సర్దే ట్రిమ్ పాస్ చేస్తాం. ఆ ట్రిమ్‌ను యంత్రానికి వదిలేసేవారు ఉన్నారు, నేను మాత్రం ప్రతి షాట్‌నూ చూస్తాను. హెచ్‌డీఆర్‌లో కిటికీ వెలుగు వెయ్యి నిట్లకు పోయినా, దాని ముందు నిలబడిన మనిషి ముఖం ప్రకాశాన్ని దాదాపు పాత స్థాయిలోనే ఉంచుతాను. వీలైంది కదా అని ముఖాన్ని కూడా వెలిగించేస్తే చూసేవారి కళ్లు అలసిపోతాయి. ఇక థియేటర్‌ల విషయంలో, ల్యాంపు పాతబడిన చోట 48 నిట్లు రావు. కాబట్టి రాత్రి సన్నివేశాల్లో కళ్లలోని మెరుపు ఒక స్థాయి కంటే కిందికి దిగకుండా చూసుకుంటాను, వీలైతే ఒక మామూలు సింగిల్ స్క్రీన్‌లో రీల్ వేసి చూస్తాను.

వ్యాఖ్యాత: చివరిగా, తక్కువ బడ్జెట్‌తో మొదటి సినిమా తీస్తున్నవారు మీ దగ్గరికి రావలసింది ఎప్పుడు?

కలరిస్ట్: షూటింగ్‌కు ముందే. ప్రధాన నటులను మేకప్‌తో, కాస్ట్యూమ్స్‌తో, సినిమాలో వాడబోయే కెమెరా, లెన్స్‌లతో పగటి వెలుగులో ఒకసారి, రాత్రి దీపాల వెలుగులో ఒకసారి తీసి తీసుకురండి. ప్రతి లైటింగ్‌కూ మొదట ఒక గ్రే కార్డు, అంటే తటస్థ బూడిద రంగు అట్ట, షాట్ ఉండాలి. ఆ ఫుటేజ్ మీద మనం కలిసి లుక్ నిర్ణయిస్తే, దాన్నే ఒక లట్‌గా చేసి సెట్‌లోని మానిటర్‌కు ఇస్తాను, షూటింగ్ రోజుల్లో ఛాయాగ్రాహకుడు దాని మీదే వెలుగు సరిచూసుకుంటారు. ఎడిట్ లాక్ అయ్యాక ఈడీఎల్ అనే షాట్‌ల జాబితా, రిఫరెన్స్ వీడియో, అసలు కెమెరా ఫైళ్లు, ప్రతి షాట్‌కూ అటూ ఇటూ కొన్ని అదనపు ఫ్రేములు, ఏ రోజు ఏ కెమెరా వాడారో చెప్పే కెమెరా రిపోర్టులు పంపండి. ఇవన్నీ సక్రమంగా అందితే ఎడిట్‌కు అసలు ఫైళ్లను జతచేసే కన్ఫామ్ పని త్వరగా ముగుస్తుంది, మీరు గదికి కట్టే అద్దె గంటలు ఫైళ్లు వెతకడానికి కాకుండా ముఖాలు సరిచూడడానికి ఖర్చవుతాయి.