లింకన్‌కి దొరకని పూర్వీకులు కౌంటీ కాగితాల్లో దొరికారు

[తెర మీద: లింకన్ ఫోటో, కింద 1859]

1859 డిసెంబర్‌లో, ఇంకా ప్రెసిడెంట్ కాకముందు, అబ్రహాం లింకన్ తన గురించి చిన్న పరిచయం రాసిచ్చాడు. తాత వర్జీనియాలోని రాకింగ్‌హామ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి కెంటకీ వచ్చాడని, అంతకుముందు తమవాళ్లు పెన్సిల్వేనియాలోని బర్క్స్ కౌంటీలో ఉండేవాళ్లని అందులో ఉంది. ఆ వెనక ఏమీ లేదు. న్యూ ఇంగ్లండ్‌లో, అంటే మసాచుసెట్స్ లాంటి ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్న లింకన్‌లు తమవాళ్లేనా అని వెతికితే మోర్డెకై, లీవై, ఈనోక్ లాంటి పేర్లు రెండు వైపులా కలిశాయి తప్ప ఇంకేమీ తేలలేదని ఆయనే రాశాడు.

తర్వాతి పరిశోధకులు తేల్చారు. ఇంగ్లండ్ నుంచి వలస వచ్చిన పూర్వీకుల్ని వెతికేవాళ్లకి ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

చాలామంది ముందు ఓడ కోసం వెతుకుతారు. కానీ అమెరికా ప్రభుత్వం ప్రయాణికుల జాబితాలు తీసుకోవడం మొదలైందే 1820లో. అంతకుముందు, పెన్సిల్వేనియాకి వచ్చిన జర్మన్ల చేత 1727 నుంచి ప్రమాణం చేయించి సంతకాలు తీసుకునేవాళ్లు. ఇంగ్లండ్ వాళ్లకి అదీ లేదు. రాజుగారి ప్రజలు రాజుగారి కాలనీకే వచ్చారు, వాళ్లని విదేశీయులుగా ఎవరు రాసుకుంటారు? కాబట్టి వాళ్ల జాడ ఊరి క్లర్కు పుస్తకంలో, చర్చి రిజిస్టర్‌లో, కౌంటీ కోర్టులోని వీలునామాల్లో, భూమి దస్తావేజుల్లో ఉంటుంది. మనం స్థలం కొనేముందు లింక్ డాక్యుమెంట్లు చూసుకున్నట్టే, ఇప్పటి నుంచి వెనక్కి ఒక్కో తరమే దాటాలి.

[తెర మీద: మ్యాప్, కెంటకీ నుంచి తూర్పుకి గీత]

కెంటకీలో తాతగారి భూమి కాగితం మీద ఇంటిపేరు లింక్‌హార్న్ అని ఉంది. చెవికి వినపడినట్టు రాసేవాళ్లు, స్పెల్లింగ్ పట్టుకుని కూర్చుంటే మనిషి జారిపోతాడు. తాతగారి తండ్రి జాన్, బర్క్స్ నుంచి రాకింగ్‌హామ్ వెళ్లినవాడు. జాన్ తండ్రి మోర్డెకై 1736లో చనిపోయాడు. ఆయన వీలునామా కోసం బర్క్స్ కౌంటీకి వెళ్తే ఉండదు, ఎందుకంటే ఆ కౌంటీ పుట్టిందే 1752లో. చూడాల్సింది ఫిలడెల్ఫియాలో. ఏ కాగితం వెతికినా, ఆ ఏడాదికి ఆ ఊరు ఏ కౌంటీలో ఉందో ముందు చూసుకోండి. నా అనుభవంలో ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుపోతారు.

[తెర మీద: వీలునామాలో ఒక వాక్యం దగ్గరగా]

ఆ వీలునామాలో ఒక వాక్యం ఉంది: కొడుకు జాన్‌కి జెర్సీల్లో ఉన్న 300 ఎకరాలు. పెన్సిల్వేనియా మనిషికి న్యూజెర్సీలో భూమి ఎందుకుంది? అంతకుముందు అక్కడ ఉన్నాడు కాబట్టి. 1748లో జాన్ న్యూజెర్సీ భూమి అమ్మిన దస్తావేజులో, తాను మోర్డెకై కొడుకునని, వారసుణ్ణని రాయించాడు. తండ్రీకొడుకుల బంధం ఖాయమైంది, వెతకాల్సిన తర్వాతి చోటూ తెలిసింది.

న్యూజెర్సీలో ఈ మోర్డెకైతో పాటు తమ్ముడు అబ్రహాం కూడా కనిపిస్తాడు. మసాచుసెట్స్‌లోని సిచువెట్‌లో 1727లో చనిపోయిన పెద్ద మోర్డెకైకి ఇవే పేర్లతో ఇద్దరు కొడుకులు. ఒక్క పేరు కలిస్తే నమ్మకూడదు, అన్నదమ్ముల జత కలిస్తే ఆగి చూడాలి.

పెద్ద మోర్డెకై తండ్రి శామ్యూల్, పక్కనే ఉన్న హింగమ్ ఊరివాడు. ఆ ఊళ్లో తొలినాళ్లలోనే నలుగురు థామస్ లింకన్‌లు! నేతగాడు, పీపాలు చేసేవాడు, మిల్లు నడిపేవాడు, రైతు. వృత్తి రాసిపెట్టారు కాబట్టి సరిపోయింది. నేత థామస్ మన శామ్యూల్‌కి అన్న.

ఈ ఇంటికి అదృష్టవశాత్తూ ఓడ జాబితా కూడా ఉంది. 1637లో ఇంగ్లండ్‌లోని యార్మత్ రేవులో, నారిచ్ నేతగాడు ఫ్రాన్సిస్ లాస్ వెంట పనివాడిగా "శామ్యూల్ లింకోర్న్, వయసు 18". ఇంగ్లండ్‌లోనూ అదే పేరుతో ఊరుంది, ఆ నార్ఫోక్‌లోని హింగమ్ చర్చి రిజిస్టర్‌లో శామ్యూల్ బాప్టిజం 1622లో ఉంది, ఆ లెక్కన అతనికి 15 కూడా నిండలేదు. అయినా ఊరు, వృత్తి, అన్న, ఇవన్నీ కలిశాయి కాబట్టే అతనే ఇతనని ఒప్పుకున్నారు.

ఈ తరహా కాగితాలు ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో చాలావరకు ఉచితం. పేరు కొట్టి దొరకలేదని వదిలేయకండి. కేటలాగ్‌లో కౌంటీ పేరు తెరిచి దస్తావేజుల సూచికలు తిప్పండి. కొన్నవాళ్లకి ఒకటి, అమ్మినవాళ్లకి ఒకటి ఉంటాయి. అమ్మినవాళ్లది తప్పకుండా చూడండి, వారసుల పేర్లు ఎక్కువగా అక్కడే బయటపడతాయి.