పద్దెనిమిదో పుట్టినరోజు కంటే ముందే

తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు నమస్కారం.

వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే మా వంటి ప్రత్యేక ఉపాధ్యాయులను తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "మేం పోయాక వీడికెవరు?" ఆ దిగులును తక్కువ చేసి మాట్లాడే అర్హత నాకు లేదు. అయితే అలా అడిగిన అమ్మే పద్నాలుగేళ్ల కొడుకు చొక్కాకు గుండీలు పెట్టడం, అన్నం కలిపి ముద్దలు తినిపించడం, నేను వాడి పేరు అడిగితే వాడి బదులు తానే జవాబు చెప్పడం కూడా చూస్తుంటాను. వాడికెవరని అడుగుతున్నాం గానీ, వాడికేం వచ్చని అడగడం మరిచిపోతున్నాం.

దీనికి అతిగారాబం కారణమని చాలామంది అంటారు. నాకు మాత్రం ఉదయం పూట తొందరే అసలు కారణంగా కనిపిస్తుంది. బడి బస్సు ఏడున్నరకు వస్తుంది, వాడు తనంతట తాను గుండీలు పెట్టుకునేసరికి ఏడూ నలభై అవుతుంది. కాబట్టి ఇలాంటివి సెలవు రోజు సాయంత్రం తీరికగా మొదలుపెట్టండి. పనిని చిన్న ముక్కలు చేసి, చివరి ముక్కను ముందుగా నేర్పండి. గుండీని కాజాలోకి సగం దాకా మీరే దూర్చి, అవతలి నుంచి లాగడం మాత్రం వాడికి వదలాలి. అది చేతికి అలవాటయ్యాక దూర్చడం నేర్పాలి. ఇలా వెనక నుంచి ముందుకు వస్తే, ప్రతిసారీ పని ముగించింది తానేనన్న తృప్తి బిడ్డకు దక్కుతుంది.

ఆటిజం ఉన్న ఒక పదిహేనేళ్ల అబ్బాయిని పది రూపాయల నోటిచ్చి కరివేపాకు కోసం వీధి చివరి కొట్టుకు పంపించాం. తండ్రి కాస్త దూరంలో నిలబడ్డాడు. వాడు కొత్తిమీర పట్టుకొచ్చాడు. తండ్రి తానే వెళ్లి మార్చుకురాబోతే నేను ఆపి, వాడినే మళ్లీ పంపించమన్నాను. మూడోసారికి కరివేపాకు వచ్చింది. ఆ తిరుగుడులో వాడు కొట్టతనితో "ఇది కాదు" అని చెప్పడం నేర్చుకున్నాడు. ఈ మాట తర్వాత చాలా చోట్ల పనికొస్తుంది. తన ఒంటిపై ఎవరైనా చేయి వేసినప్పుడు వద్దనగలగడం కూడా ఇక్కడే మొదలవుతుందని, ముఖ్యంగా ఆడపిల్లల తల్లులకు మనవి చేస్తున్నాను. నెలసరి గురించి కూడా అది రాకముందే, ప్యాడ్ చేతికిచ్చి, లోదుస్తుకు అంటించి చూపించి చెప్పాలి.

స్వతంత్రత అంటే ఎవరి సాయమూ లేకుండా బతకడమని అనుకోవద్దు. చక్రాల కుర్చీలో ఉన్న అమ్మాయికి స్నానానికి జీవితాంతం మరొకరి చేయి కావలసి రావచ్చు. ఎప్పుడు స్నానం చేయాలి, ఎవరు చేయించాలి, తర్వాత ఏ బట్టలు కట్టుకోవాలి అన్నవి ఆమె చెప్పగలిగితే, ఆమె మాట ఇంట్లో చెల్లితే, ఆమె స్వతంత్రురాలే.

ఇక చట్టం సంగతి. వికలాంగులనండి, దివ్యాంగులనండి, పేరు మీద నాకు పేచీ లేదు. 2016 నాటి హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికి 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు కల్పించింది, ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించమంది. పద్దెనిమిది నిండగానే మీ బిడ్డ మేజర్ అవుతాడు, తల్లిదండ్రులన్న కారణంతో మీరు అతని తరఫున సంతకం పెట్టడం అక్కడితో ఆగిపోతుంది. చూపు లేదనో, వినికిడి లేదనో మాత్రమే ఎవరికీ సంరక్షకుడు, అంటే తరఫున నిర్ణయాలు తీసుకునే మనిషి, అక్కర్లేదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలకు వచ్చే ఇబ్బంది), మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి సంరక్షకుడు అవసరమైతే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ స్థాయి అధికారి ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయవచ్చు. 2016 చట్టంలోని పరిమిత సంరక్షణ వేరు: అందులో సంరక్షకుడు, ఆ వ్యక్తి కలిసి నిర్ణయించాలి, అదీ ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే. పూర్తి సంరక్షణ కోసం పరుగెత్తే ముందు, బిడ్డ దేన్ని స్వయంగా నిర్ణయించగలడో రాసుకుని చూడమంటాను. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ (ఎన్ఐఈపీఐడీ)లో వయోజనుల స్వతంత్ర జీవనానికి ఒక విభాగమే ఉంది, అక్కడ సలహా అడగవచ్చు.

కరివేపాకు తెచ్చిన ఆ అబ్బాయికి పద్దెనిమిది నిండాక ఖాతా తెరవడానికి ఒక బ్యాంకుకు వెళ్లాం. గుమాస్తా అతని వైపు చూడకుండా, "అబ్బాయి సంతకం పెడతాడా అమ్మా?" అని తల్లిని అడిగాడు. తల్లి నోరు తెరిచి, నన్ను చూసి ఊరుకుంది. అబ్బాయి కలం అందుకున్నాడు. మొదటి ఫారంలో సంతకం గడి దాటి పక్కకు పోయింది. "ఇది కాదు" అని వాడే అన్నాడు. గుమాస్తా ఇంకో ఫారం ఇచ్చాడు.