ఒకటిన్నర జీబీ పదకొండింటికే ఖాళీ

అక్క: నమస్కారం అండీ. ఈ వారం గెస్టు మా ఇంట్లోనే దొరికాడు. మా తమ్ముడు. లాప్‌టాప్‌లు రిపేరు చేస్తాడు, ఖాళీగా ఉంటే నాతో తిట్లు తింటాడు.

తమ్ముడు: రెండో పనికి జీతం లేదండి.

అక్క: విషయం ఏంటంటే, సంక్రాంతికి అమ్మమ్మ వాళ్ల ఊరెళ్లాం, అమలాపురం దగ్గర. పండగ అయ్యాక కూడా రెండు రోజులు ఉండిపోయి, అక్కడి నుంచే ఆఫీసు పని చేశాను. ఇంట్లో వైఫై లేదు, ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. పొద్దున తొమ్మిదింటికి లాప్‌టాప్ తెరిచానా, పదకొండు కాకుండానే మెసేజ్! ఇవాళ్టి డేటా అయిపోయిందట. ఒకటిన్నర జీబీ! నేను పంపింది రెండు మెయిళ్లు.

తమ్ముడు: నువ్వు పంపింది రెండు మెయిళ్లే. నీ లాప్‌టాప్ ఏం చేసిందో చూశావా? అది ఫోన్ నెట్ అని దానికి తెలీదక్కా. ఇంట్లో వైఫై దొరికిందనుకుంది. పెండింగ్‌లో ఉన్న విండోస్ అప్‌డేటూ, వన్‌డ్రైవ్‌లోకి, అదే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజీలోకి, ఎక్కాల్సిన ఫొటోలూ అన్నీ ఒక్కసారే మొదలెట్టింది. బూరెల పళ్లెం చూసిన పిల్లల్లాగా.

అక్క: మరి దానికి చెప్పడం ఎలా?

తమ్ముడు: సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, నువ్వు కనెక్టయిన హాట్‌స్పాట్ ప్రాపర్టీస్. అక్కడ మీటర్డ్ కనెక్షన్, అంటే లెక్కపెట్టి వాడాల్సిన నెట్ అని ఓ స్విచ్ ఉంటుంది. ఆన్ చేస్తే అప్‌డేట్లు చాలామటుకు ఆగుతాయి, వన్‌డ్రైవ్ కూడా సింక్ ఆపుతుంది. ఆ హాట్‌స్పాట్‌కి ఒక్కసారి పెడితే గుర్తుంటుంది. మ్యాక్ వాళ్లకైతే లో డేటా మోడ్ అని ఉంటుంది.

అక్క: ఇంకో వింత. డేటా అయిపోయిందన్నారు గానీ నెట్ పోలేదు. అలాగని మెయిల్ తెరుచుకోనూ లేదు.

తమ్ముడు: చాలా ప్లాన్లలో కోటా అయిపోగానే స్పీడు 64 కేబీపీఎస్‌కి దిగిపోతుంది. అవి బిట్లు, బైట్లు కావు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు, అంటే సెకనుకు 8 కిలోబైట్లు. ఒక ఎంబీ ఫైలు దిగాలంటే రెండు నిమిషాల పైనే. నాన్న నోకియా ఫోన్‌కి డేటా కేబుల్ పెట్టి, కంప్యూటర్‌లో *99# కొట్టి కనెక్ట్ చేసేవారు, గుర్తుందా? ఆ రోజుల్లోకి వెళ్లిపోతావన్నమాట.

అక్క: పరీక్షల రిజల్ట్ పేజీ తెరుచుకునే లోపు అమ్మ వంట అయిపోయేది! సరే, మర్నాటి సంగతి విను. లోపలి గదిలో సిగ్నల్ ఒక్క గీతే. అందుకని ఫోన్‌ని కిటికీ ఊచల దగ్గర నిలబెట్టి, నేను పక్క గదిలో కూర్చున్నాను. మీటింగ్ బాగానే సాగుతోంది. ఇంతలో అత్త ఫోన్. లేచెళ్లి ఎత్తితే, అరిసెల డబ్బా మర్చిపోయావే అంటోంది. వెనక్కొచ్చి చూస్తే మా మేనేజర్ నోరు తెరిచినది తెరిచినట్టే బిగుసుకుపోయి ఉన్నాడు.

తమ్ముడు: అత్త ఏ సిమ్‌కి చేసింది?

అక్క: పాత నంబరుకి.

తమ్ముడు: డేటా ఏ సిమ్‌లో ఉంది?

అక్క: కొత్తదాంట్లో.

తమ్ముడు: దొరికింది దొంగ. చాలా డ్యూయల్ సిమ్ ఫోన్లలో ఒక సిమ్‌లో మాట్లాడుతుంటే రెండో సిమ్ డేటా ఆగిపోతుంది. అదే డేటా సిమ్‌కి వోల్టీలో, అంటే 4జీ నెట్ మీదే నడిచే కాల్‌గా, వచ్చి ఉంటే నెట్ నడుస్తూనే ఉండేది. కొన్ని ఫోన్లలో కాల్ మధ్యలో డేటా మార్చుకోనిచ్చే సెట్టింగ్ ఉంటుంది. లేదంటే మీటింగ్ అయ్యేదాకా ఆ రెండో సిమ్‌ని సెట్టింగ్స్‌లోనే ఆఫ్ చేసెయ్.

అక్క: అత్తకి ఏం చెప్పుకోను?

తమ్ముడు: అరిసెలు తెచ్చుకుంటానని చెప్పు. ఇంకోటి, నీకూ ఫోన్‌కీ మధ్య గోడ ఉంది కదా. హాట్‌స్పాట్‌లో వైఫై బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్ పెడితే స్పీడు ఎక్కువే గానీ గోడ దాటేసరికి నీరసపడుతుంది. 2.4 కాస్త నెమ్మదైనా దూరం వెళ్తుంది. ఐఫోన్‌లో మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ నొక్కితే 2.4 మీదకి వస్తుంది. కానీ నన్నడిగితే గంట దాటిన పనికి హాట్‌స్పాటే వద్దు. కేబుల్ పెట్టు.

అక్క: ఫోన్ నెట్‌ని కేబుల్‌తో లాప్‌టాప్‌కి ఇవ్వడం, యూఎస్‌బీ టెథరింగ్ అంటావే, అదా?

తమ్ముడు: అదే. వైఫై గొడవ లేదు, పాస్‌వర్డ్ లేదు, ఫోన్‌కి చార్జింగ్ కూడా ఎక్కుతుంది. కరెంటు పోతే మాత్రం ఫోన్ నీ లాప్‌టాప్ బ్యాటరీనే తాగుతుంది, అది చూసుకో. ఆండ్రాయిడ్‌లో కేబుల్ గుచ్చేదాకా ఆ ఆప్షన్ బూడిద రంగులో ఉంటుంది, నొక్కినా పలకదు. గుచ్చాక కూడా అలాగే ఉంటే కేబుల్ని అనుమానించాలి. కొన్ని చవక కేబుళ్లలో చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఫోన్ పోర్టు పాడైందంటూ నా దగ్గరికి వస్తారు. నేను డ్రాయర్లోంచి వేరే కేబుల్ తీసి పెడితే పనిచేస్తుంది. ఇంకేం డబ్బులడగను వాళ్లని!

అక్క: బ్లూటూత్ టెథరింగ్ అని కూడా కనిపిస్తుంది.

తమ్ముడు: మెయిల్ చూసుకోడానికైతే సరే. వీడియో మీటింగ్‌కి వదిలెయ్. కేబుల్‌తో ఇంకో మేలుంది, చాలామందికి తెలీదు. ఆండ్రాయిడ్ ఫోన్ వైఫైలో ఉన్నప్పుడు టెథరింగ్ ఆన్ చేస్తే లాప్‌టాప్‌కి ఆ వైఫై నెట్టే వెళ్తుంది. ఫార్మాట్ కొట్టాక వైఫై డ్రైవర్, అంటే వైఫైని నడిపించే సాఫ్ట్‌వేర్, లేక నెట్ రాని లాప్‌టాప్‌లకి నేను ముందు చేసేది ఇదే. నెట్ వచ్చాక డ్రైవర్ దింపుకుంటా.

అక్క: ఆగు, ఇప్పుడే చూద్దాం. ఇదిగో నా కేబుల్, గుచ్చాను. సెట్టింగ్స్... టెథరింగ్... ఏంట్రా, బూడిద రంగులోనే ఉంది?

తమ్ముడు: ఎక్కడ కొన్నావు?

అక్క: రైల్లో.