పులస జనవరిలో దొరకదండి

నమస్కారమండీ. పోయిన సంక్రాంతి అయిన వారానికి మా బావమరిది పెళ్ళాం పిల్లల్తో హైదరాబాద్ నుంచి దిగాడు. శని ఆదివారాలు రెండ్రోజులే బావా, ఎక్కడేం తినాలో నేనే చూసుకొచ్చాలే అని ఫోన్ తీసి చూపించాడు, అందులో ఒకటో నంబరు పులస పులుసు. ఒరేయ్ ఇది జనవరిరా, పులస ఉండదురా అంటే వినడే. హైవే మీద ఒక హోటల్ బోర్డుకి ఇంత చేప బొమ్మేసి స్పెషల్ అని రాసుంది, కారు ఆపించేశాడు. ముక్కకి వాళ్ళేసిన రేటు ఇప్పుడు రేడియోలో చెప్తే మా ఆవిడ వింటది, వద్దులెండి. వీడు ముక్క నోట్లో పెట్టుకుని అబ్బ అబ్బ అంటన్నాడు, నేను వడ్డించే కుర్రాణ్ణి పక్కకి పిలిచి బాబూ ఇది ఏ నీళ్ళ చేపయ్యా అనడిగితే, వాడు పాపం అబద్ధం చెప్పలేక "ఐసు చేపండి, ఆయ్" అన్నాడు.

అప్పట్నుంచి ఎవరు రెండ్రోజులకి రాజమండ్రి వస్తామన్నా నేను హోటళ్ళ పేర్ల కంటే ముందు టైములు చెప్తన్నాను. మా గోదారి జిల్లాల్లో ప్రతి తిండికీ ఒక నెలుంటది, ఒక పూటుంటది, ఆ వేళ తప్పిందంటే అదే దుకాణంలో అదే మనిషి పెట్టినా ఆ రుచి రాదు.

ముందు ఆ పులస సంగతి తేల్చేద్దాం. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు, బెంగాలీ వాళ్ళు ప్రాణంపెట్టే ఇలిష్ అదే. జూలైలో వరదొచ్చి గోదారి ఎర్రబడగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుకుంటా పైకొస్తది, ఆ తీపినీళ్ళలో ఈదేకొద్దీ సముద్రపు ఉప్పు పోయి ఒంటికి ఇంకో రుచి పడతదంటారు మావాళ్ళు, అప్పుడే అది పులస. సెప్టెంబర్ దాటిందంటే ఇక లేనట్టే. పుస్తెలమ్మైనా పులస తినాలని ఊరికే అన్లేదు, సీజన్లో కూడా కిలో వేలల్లో పలుకుద్ది. అందుకే ఒడిశా నుంచీ బెంగాల్ నుంచీ ఐసు పెట్టెల్లో వచ్చిన చేపని మా గోదారిదే అని అమ్మేవాళ్ళు తయారయ్యారు. వండటం కూడా అంత తేలిక్కాదండోయ్, మట్టిదాకలో చింతపండు పులుసు పోసి బెండకాయలూ పచ్చిమిరపకాయలూ వేసి సన్నసెగ మీద గంటలు గంటలు ఉంచాలి, గరిటె పెట్టకూడదు, దాకనే అటూ ఇటూ తిప్పాలి, రాత్రి వండింది తెల్లారి తినాలి. ముళ్ళు మాత్రం వెంట్రుకల్లా ఉంటాయి, చిన్నపిల్లలకి పెట్టొద్దు. ఆ నెలల్లో వస్తే తినండి, మిగతా నెలల్లో కొరమీను పులుసో చందువ వేపుడో రొయ్యల ఇగురో తినండి, వాటికేం తక్కువ.

సరే, శనివారం. గౌతమి ఎక్స్‌ప్రెస్సులో వస్తే బాగా తెల్లారకముందే రాజమండ్రిలో దింపేస్తాడు, అప్పుడు నిద్ర పోవడానికి రూముకి వెళ్ళకండి, పుష్కర్ ఘాట్‌కి వెళ్ళి ఒక టీ తాగండి. ఎదురుగా మూడు బ్రిడ్జిలు కనపడతాయి, పాత హేవలాక్ బ్రిడ్జి 1997లో రిటైరైంది, రైలూ బస్సూ రెండూ పోయే రోడ్డు-కం-రైలు బ్రిడ్జి 1974 నాటిది, ఇంకోటి విల్లులా వంపులుండే ఆర్చి బ్రిడ్జి. పొద్దు పొడిచేటప్పుడు మన వెనకనుంచి తొలి వెలుగు వాటి మీద పడతంటే చేతిలో టీ చల్లారిపోద్ది, ఇంకోటి చెప్పుకోవాల్సిందే.

టిఫిన్ పెసరట్టే. తొమ్మిది దాటకముందు వెళ్ళండి, పిండి అప్పుడు తాజాగా ఉంటది. పొట్టుతోనే నానబెట్టిన పెసలు, అల్లం, పచ్చిమిరపకాయలు వేసి రుబ్బిన పిండి, పెనం మీద పల్చగా తిప్పి పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ చల్లి, లోపల ఉప్మా పెట్టి మడిచి ఇస్తారు, పక్కన అల్లం పచ్చడి. ఆ పచ్చడి తియ్యగా మొదలై చివర్లో గొంతు పట్టుకుంటది. పెసరట్టు ఆకుపచ్చగా కాకుండా పసుపుపచ్చగా వస్తే అది పెసరపప్పుతో చేసిందని అర్థం, ఆ కొట్టు వదిలేసి పక్క కొట్టుకెళ్ళండి.

టిఫిన్ అయ్యాక ఎండెక్కకముందే ఆత్రేయపురం వెళ్ళాలి. ధవళేశ్వరం మీంచి బ్యారేజీ దాటి బొబ్బర్లంక, అక్కణ్ణుంచి కాలవగట్టు పట్టుకుని పోవడమే. దోవలో బ్యారేజీ దగ్గర కాటన్ దొర విగ్రహం చూపించి పిల్లలకి చెప్పండి, ఆ పెద్దాయన 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట కట్టబట్టే ఈ కాలవలూ ఈ చేలూ, ఈ బియ్యం లేకపోతే పూతరేకే లేదు.

పూతరేకు తినడం కంటే చెయ్యడం చూడాలండి, అసలు అందుకే వెళ్ళమంటన్నాను. ఒక ఇంటి వసారాలో ఓ పెద్దావిడ కూర్చుని ఉంటది, ఎదురుగా బోర్లించిన కుండ, దానికింద కొబ్బరి మట్టలతో మంట. బియ్యప్పిండిని పాలలాగా పల్చగా కలుపుకుని అందులో తెల్ల గుడ్డ ముంచి ఆ కుండ మీద ఒక్కసారి ఇలా పరిచి లాగేస్తది. చప్పుడు కూడా రాదు. చూస్తండగానే కుండ మీద పొర కడతది, అంచు పట్టుకుని లేపితే కాయితం కంటే పల్చగా వచ్చేస్తది, అటేపు మనిషి కనపడతాడు దాంట్లోంచి. పూత పూస్తే వచ్చే రేకు కాబట్టి పూతరేకు. నేను ఒకసారి నేనూ వేస్తానన్నాను, నా గుడ్డకి రేకు రాలేదు, ముద్దొచ్చింది, ఆవిడ నవ్వి "అల్లుడుగారూ మీరు తినండి చాలు" అంది. ఆ రేకుని కొంచెం తడిబట్టతో మెత్తబరిచి నెయ్యి రాసి పంచదార పొడో బెల్లం పొడో జల్లి మడుస్తారు. ఇప్పుడు జీడిపప్పులూ చాక్లెట్లూ కూడా పెడతన్నారు, నాకైతే బెల్లం నెయ్యి తప్ప ఇంకోటి ఎక్కదు. 2023లో ఈ పూతరేకులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎండాకాలంలో వెళ్తే అదే ఊళ్ళో చాపల మీద మామిడి తాండ్ర ఆరబెట్టి ఉంటది, పొరమీద పొర, రోజూ ఇంత రసం పోస్తా.

మధ్యాహ్నం భోజనం గురించి ఒక్క మాటే, విస్తరిలో ముద్దపప్పూ ఆవకాయ వేసి నెయ్యి పోసినాక కూర కోసం తొందరపడకండి. వేసవిలో అయితే ఆవపెట్టిన పనసపొట్టు కూర ఉందా అనడగండి, పెళ్ళిళ్ళ రోజుల్లో అయితే కందా బచ్చలీ. ఎక్కువ వడ్డిస్తే విసుక్కోకండి, మాది డొక్కా సీతమ్మ గారి నేల, లంకల గన్నవరంలో ఆవిడ ఏ వేళ ఎవరొచ్చినా వండి పెట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు, 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు.

నాలుగింటికి కోటగుమ్మం వైపు వెళ్ళి రోజ్ మిల్క్ తాగండి. గులాబీ రంగు చిక్కటి పాలు, గ్లాసు బయటంతా చెమట పట్టి ఉంటది, ఎండలో తిరిగొచ్చి మొదటి గుక్క తాగితే మాటరాదు. చలికాలంలో మాత్రం ఎందుకో నాకు అంత గొప్పగా అనిపించదు. సాయంత్రం మళ్ళీ ఘాట్, హారతి, మిరపకాయ బజ్జీ. రాత్రి దేవీచౌక్ చుట్టూ తిరుగుతా ఎక్కడ జనం ఎక్కువుంటే అక్కడ తినండి. బొంగులో చికెన్ ఉందా అని మాత్రం అడక్కండి, అది మారేడుమిల్లి ఏజెన్సీ వంట, మా డెల్టాలో వెదురెక్కడిదండి.

ఆదివారానికి రెండు దార్లున్నాయి, రెండూ ఒకేరోజు పెట్టుకోకండి, మా బావమరిది పెట్టుకున్నాడు, పిల్లలు కార్లోనే పడుకున్నారు.

ఒకటి కోనసీమ. రావులపాలెం మీదుగా పొద్దున్నే అంబాజీపేట చేరాలి, పొట్టిక్కల కోసం. నాలుగు పనసాకుల్ని కొబ్బరి ఈనెలతో కుట్టి చిన్న బుట్టలాగా చేస్తారు, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరికి పెడతారు. అంతే. కానీ ఆకు విప్పేటప్పుడు వచ్చే వాసన ఉంది చూశారూ, పనసాకు ఈనెల గీతలు ఇడ్లీ మీద అచ్చుపడి ఉంటాయి, కారప్పొడీ నెయ్యీ వేసుకుని ఆకులోంచే తినాలి, ప్లేటులోకి తీసేస్తే సగం పోయినట్టే. ఆలస్యంగా వెళ్తే అయిపోయినయ్యండి అంటారు, మామూలు ఇడ్లీ పెడతారు. అక్కణ్ణుంచి దిండి మీదుగా చించినాడ బ్రిడ్జి దాటితే పాలకొల్లు, అక్కడ దిబ్బరొట్టి. మినప్పిండీ బియ్యపు రవ్వా, మందంగా, కిందా పైనా నిప్పులేసి కాలుస్తారు, పైన కరకరా లోపల మెత్తగా ఉంటది, తియ్యటి పానకం పోసుకు తినడం అక్కడి అలవాటు. నేను పానకం వద్దని కొబ్బరి చట్నీ అడిగితే కొట్టాయన నన్ను పరాయి దేశం వాణ్ణి చూసినట్టు చూశాడు. దోవ పొడుగునా బొండాలుంటాయి, చక్కెరకేళి అరటిపళ్ళుంటాయి, వేసవైతే ముంజలు, చలికాలమైతే తేగలు.

రెండోది కాకినాడ వైపు, తీపి ఇష్టమున్నోళ్ళకి. మండపేట దారిలో తాపేశ్వరం మడతకాజా, పొరలు పొరలుగా ఉంటది, పాకం పొరల మధ్య పడతది. కాకినాడలో కోటయ్య గారి గొట్టంకాజా, అది గొట్టం, పాకమంతా లోపలే దాక్కుని ఉంటది. అందుకే మాట్లాడతా కొరక్కండి, చొక్కా మీద పడతది, మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకుని మూతి మూసుకుని నమలాలి. రెండిట్లో ఏది గొప్ప అని మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా గొడవ, నేను గొట్టం పార్టీ. మధ్యలో రామచంద్రపురం వస్తది, అక్కడ కొట్లో కూల్ డ్రింక్ అడిగేటప్పుడు ఆర్టోస్ అని అడగండి, 1919 నుంచి ఆ ఊరి వాళ్ళ కంపెనీయే, పెద్ద పెద్ద కంపెనీలొచ్చినా ఇంకా నిలబడింది. భోజనం కాకినాడ సుబ్బయ్య గారి హోటల్లో, కానీ ఆదివారం పన్నెండున్నర దాటితే లైను చూసి ఆకలి చచ్చిపోద్ది, పన్నెండుకల్లా కూర్చోండి. ఇంకో రకం డ్రింక్ గురించి అడిగేవాళ్ళకి, పక్కనే యానాం ఉంది, అది పుదుచ్చేరి కిందకొస్తది కాబట్టి రేట్లు వేరు, తాగితే తాగారు గానీ సీసాలు సంచిలో సర్దుకుని ఇటు రాకండి, చెక్‌పోస్టు వాళ్ళు ఊరుకోరు.

ఇక రాత్రి రైలెక్కేటప్పుడు చిన్న సంగతి. పూతరేకుల డబ్బా సూట్‌కేసులో బట్టల కింద పెట్టకండి, మా బావమరిది అలాగే పెట్టాడు, సికింద్రాబాద్‌లో దిగి ఫోన్ చేశాడు, బావా పొడైపోయాయి, స్పూనుతో తింటన్నాం అని. చేతి సంచిలో పైన పెట్టుకోండి, కాజాల డబ్బా మాత్రం కిందే ఉండాలి, పాకం కారుద్ది.