పక్కన ఉన్న పాపానికి: మెదడువాపులో ఆక్సిడేటివ్ స్ట్రెస్

హోస్ట్: డాక్టర్ గారూ, క్యూలెక్స్ దోమ కుడుతుంది, వైరస్ మెదడుకు ఎక్కుతుంది, అక్కడి కణాలను చంపేస్తుంది. జపనీస్ మెదడువాపు అంటే ఇన్నాళ్లూ నేను అనుకున్నది ఇంతే.

డాక్టర్: అది సగమేనండీ. వైరస్ న్యూరాన్‌లో, అంటే మెదడులోని నాడీకణంలో, దూరాక ఆ కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పని గాడి తప్పుతుంది. అక్కడ వాడాల్సిన ఆక్సిజన్‌లో కొంత సూపర్ఆక్సైడ్ అనే, దేన్నైనా ఇట్టే చెడగొట్టే అణువుగా మారి బయటపడుతుంది. మామూలప్పుడూ ఇది కాస్త పుడుతూనే ఉంటుంది, దాన్ని ఎంజైములు ఎప్పటికప్పుడు తీసేస్తాయి. పుట్టేది పెరిగిపోయి, తీసేసే శక్తి చాలకపోతే అదే ఆక్సిడేటివ్ స్ట్రెస్.

హోస్ట్: అది ఒంట్లో ఎక్కడైనా జరగొచ్చు కదా?

డాక్టర్: జరుగుతుంది. కానీ మెదడు ఒంటి బరువులో 2 శాతమే ఉండి, 20 శాతం దాకా ఆక్సిజన్ వాడుకుంటుంది. పైగా న్యూరాన్ పొరల్లో ఉండేవి ఇట్టే చెడిపోయే రకం కొవ్వులు. మూత తీసి వదిలేసిన నూనె పాడైనట్టే అవీ పాడవుతాయి. ఒక అణువు చెడి పక్కదాన్ని చెడగొడుతుంది, అది ఆ పక్కదాన్ని. ఇంతలో మైక్రోగ్లియా రంగంలోకి దిగుతాయి. అవి మెదడుకు కాపలా కణాలు. వైరస్ మీదికని సూపర్ఆక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ రెండూ వదులుతాయి. ఆ రెండూ కలిస్తే పెరాక్సీనైట్రైట్ అనే మరో హానికర అణువు. అది ప్రోటీన్లనీ వదలదు, డీఎన్ఏనీ వదలదు. వైరస్ సోకని న్యూరాన్ కూడా పక్కన ఉన్న పాపానికి చచ్చిపోతుంది.

హోస్ట్: అంటే కాపలా వాళ్ల చేతిలోనే!

డాక్టర్: అవును. మెదడువాపు దాకా వచ్చినవాళ్లలో 30 శాతం వరకు చనిపోవచ్చు. బతికిన పిల్లల్ని చూస్తే గుండె తరుక్కుపోతుంది. జ్వరం తగ్గి కళ్లు తెరుస్తారు. అమ్మ పిలిస్తే మాత్రం ముఖంలో కదలికే ఉండదు, బొమ్మలా బిగుసుకుని ఉంటుంది. మెదడు లోపల కదలికల్లో పాలుపంచుకునే థాలమస్, సబ్‌స్టాన్షియా నైగ్రా అనే భాగాలు దెబ్బతింటే అలా పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు వస్తాయి.

హోస్ట్: మరి ఈ చెడగొట్టే అణువులను అణిచే యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేస్తే?

డాక్టర్: అంత తేలిక కాదు. మైక్రోగ్లియాను శాంతింపజేసే మినోసైక్లిన్ అనే మందు ఎలుకల్లో బాగా పనిచేసింది. రోగులకు ఇచ్చి చూస్తే మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పైగా సూపర్ఆక్సైడ్ లాంటి ఈ అణువులే, కొద్దిగా ఉన్నప్పుడు, వైరస్ వచ్చిందన్న కబురు మోస్తాయి. వాటిని మొత్తంగా అణిచేయడం మంచిదని నేననుకోను.

హోస్ట్: మరి మన చేతిలో ఉన్నదేమిటి?

డాక్టర్: టీకా. ఈ వైరస్‌ను చంపే మందు ఇప్పటికీ లేదు. పిల్లాడికి మూర్ఛ వచ్చి ఆసుపత్రికి తెచ్చేసరికి, ఆ కొవ్వులు చెడడం అప్పటికే మొదలై ఉంటుంది.